నేను చూడని ఇంజిన్

ఇల్లు మారుతున్నాం కదా అని అటక ఖాళీ చేస్తుంటే చెప్పుల అట్టపెట్టె ఒకటి దొరికింది. లోపల ఓ ట్రాన్స్‌ఫార్మర్, వెనక కొక్కెం విరిగిన ఇంజిన్, పదకొండు పట్టా ముక్కలు. వాటి కింద నీలం అట్ట లాంగ్ నోట్‌బుక్కు. ట్రాన్స్‌ఫార్మర్‌ని చూడగానే ముక్కుకి వాసనొచ్చింది. నిజంగా రాలేదనుకోండి, ముప్ఫై ఏళ్ళుగా కరెంటు తగలని వస్తువది. కానీ బుల్లి కరెంటు రైలుతో ఆడుకున్నవాళ్ళెవరికైనా ఆ వాసన తెలుసు. మోటారులో కార్బన్ బ్రష్షులు రాసుకుని సన్నగా నిప్పురవ్వలు చిమ్మినప్పుడు వచ్చే ఘాటు, దానికి కాస్త వేడెక్కిన నూనె వాసన కలిస్తే ఎలా ఉంటుందో అలా.

నోట్‌బుక్కు మాత్రం వెంటనే తెరవలేదు. అందులో నేను రాసిన అబద్ధం ఒకటి ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

రైలు సెట్టు అన్నయ్యది. వాడు నాకంటే ఆరేళ్ళు పెద్ద. ట్రాన్స్‌ఫార్మర్ నాబ్ తిప్పి బండి నడిపే హక్కు వాడిది, పట్టాలు తుడిచే ఉద్యోగం నాది. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో తుడిచేవాణ్ణి. ఇంజిన్ కరెంటు తీసుకునేది చక్రాల కింది పట్టాల మీంచే కాబట్టి కాస్త నల్లటి జిడ్డు పట్టిందంటే చాలు, బండి మధ్యదారిలో నిలబడిపోతుంది. వేలితో ఇలా అంటే కదులుతుంది. "తొయ్యకు, తుడువు" అనేవాడు అన్నయ్య. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది.

నాన్న ఎక్కడి నుంచో పాత తలుపు ఒకటి తెచ్చి రెండు బల్లల మీద పడుకోబెట్టారు. దాని మీదే మా రాజ్యమంతా. గొళ్ళెం పీకిన చోట తలుపుకి గుండ్రటి బొక్క ఉండేది. చుట్టూ పచ్చ రంగు పూసి దాన్ని బావి అన్నాం. బావి దగ్గర రెండు అగ్గిపుల్లల మనుషులు. స్టేషనుకి పేరు పెట్టే విషయంలో మూడు రోజులు కొట్టుకుని, చివరికి పేరు లేకుండానే వదిలేశాం. బోర్డు మాత్రం ఉంది, ఖాళీగా.

అది హెచ్‌ఓ సైజు బండి. అంటే నిజం రైలుని 87 వంతులు చిన్నది చేశారన్నమాట. యూరప్‌లో మామూలుగా అసలు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లయితే మా తలుపు మీద 16.5. ఈ లెక్క తెలిశాక నాకు పిచ్చి పట్టుకుంది, కనపడినవన్నీ 87తో హెచ్చవేయడం మొదలుపెట్టాను. మా మలుపుల వ్యాసార్థం 36 సెంటీమీటర్లు. హెచ్చవేస్తే ముప్ఫై ఒక్క మీటర్లు. ప్రపంచంలో ఏ ఎక్స్‌ప్రెస్సూ అంత గట్టి మలుపు తిరగదు, మా బండి నిమిషానికి నాలుగు సార్లు తిరిగేది. చుట్టు మొత్తం నాలుగున్నర మీటర్లు, అంటే నిజం లెక్కలో నాలుగొందల మీటర్లు కూడా లేదు. ఇరవై బోగీలు తగిలిస్తే ఇంజిన్ పోయి సొంత తోకనే గుద్దుకుంటుంది. మా దగ్గరున్నవి మూడు బోగీలే కాబట్టి బతికిపోయాం.

అన్నయ్యకి ఓ స్నేహితుడుండేవాడు, సోడాబుడ్డి కళ్ళజోడు కుర్రాడు. వాడి పేరు ఇక్కడెందుకు, కళ్ళజోడు అనే అందాం. వాడోసారి తన ఇంజిన్ తెచ్చి మా పట్టాల మీద పెట్టాడు. చక్కగా నడిచింది, కానీ మా బోగీల పక్కన ఏదో తేడాగా, ఎబ్బెట్టుగా ఉంది. కారణం చాలా ఏళ్ళకి తెలిసింది. అది ఓఓ సైజుట, బ్రిటన్ పద్ధతి, 76 వంతులు. బ్రిటన్‌లో అసలు ఇంజిన్లే మిగతా యూరప్ వాటికన్నా సన్నగా, పొట్టిగా ఉంటాయి. వాటిని 87 వంతులకి తగ్గిస్తే అప్పటి మోటార్లు లోపల పట్టలేదు. అందుకని ఒళ్ళు కాస్త పెద్దది చేసి, పట్టాలు మాత్రం అవే 16.5 ఉంచేశారు. లెక్క ప్రకారం ఓఓ బండి తన సైజుకి ఉండాల్సిన దానికంటే ఇరుకు పట్టాల మీద నడుస్తుంది. పొట్టి చెప్పుల్లో పెద్ద పాదం. ఇప్పటికీ అక్కడ మోడల్ రైల్వేల వాళ్ళు అత్యధికంగా ఆ సైజులోనే ఆడుకుంటారు, సర్దుకుపోయారు.

ఇక ఉంగరం కథ. అదొక్కటీ వివరంగా చెప్పాలి.

బండి ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతోందని విసుగొచ్చి అన్నయ్య కొత్త ప్లాను గీశాడు. పాయింటు దగ్గర, అంటే పట్టాలు రెండు దారులుగా చీలే చోట, బండి పక్కకి మళ్ళి, ఓ ఉంగరంలా చుట్టు తిరిగి, వచ్చిన దారిలోకే ఎదురుముఖంగా వచ్చి కలవాలి. కాగితం మీద అద్భుతంగా ఉంది. మధ్యాహ్నమంతా కూర్చుని బిగించాం. చివరి ముక్క కలిపి నాబ్ తిప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది, ఎర్ర లైటు ఆరిపోయింది. బండి అంగుళం కదల్లేదు. ఏ ముక్క పాడైందోనని ఒక్కోటీ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాం. మళ్ళీ గుర్రు. నేను సరిగ్గా తుడవలేదని నాకు తిట్లు. విడివిడిగా చూస్తే అన్ని ముక్కలూ బాగున్నాయి. ఆఖరిది కలపగానే చచ్చిపోతోంది.

సాయంత్రం నాన్న వచ్చి చూసి ఏమీ మాట్లాడలేదు. నా డబ్బాలోంచి ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు తీసుకుని ప్లాను కాగితం ముందుకి లాక్కున్నారు. "ఎడమ పట్టా మీద ఎరుపు పెట్టు, కుడి పట్టా మీద నీలం. చెయ్యి ఎత్తకుండా వెళ్ళు" అన్నారు. నేను ఎర్ర గీత గీసుకుంటూ పోయాను. పాయింటు దాటింది, ఉంగరం చుట్టూ తిరిగింది, తిరిగొచ్చి పాయింటు దగ్గర సూటిగా నీలం గీతని తాకింది. మా బండి నడిచేది 12 వోల్టుల డీసీ మీద. ఒక పట్టా ప్లస్, ఇంకోటి మైనస్. ఉంగరం తిరిగేసరికి ప్లస్ వెళ్ళి మైనస్ నెత్తిన కూర్చుంటోంది. షార్టు కాక ఏమవుతుంది.

ఎవరి తప్పూ లేదని తెలిసినప్పుడు కలిగిన ఆ సంతోషం, పరీక్ష పాసైనప్పుడు కూడా నాకు కలగలేదు.

విరుగుడు కూడా నాన్నే చూపించారు. ఉంగరానికి రెండు చివర్లా పట్టాల మధ్య సన్నటి ఖాళీ వదిలి, దానికి వేరే స్విచ్చి పెట్టాలి. బండి మొత్తం ఉంగరంలోకి వచ్చాక ఆపాలి. అన్నయ్య నాబ్‌ని రెండో వైపుకి మార్చాలి, అదే సమయంలో నేను నా స్విచ్చి మార్చాలి. అప్పుడు బండి ముందుకే సాగి బయటికొస్తుంది. ఒకరు మరిచిపోతే వెనక్కి పోతుంది, లేదా గుర్రు. అలా నాకు తుడుపు ఉద్యోగం నుంచి ప్రమోషన్ వచ్చింది. జర్మనీ మార్క్‌లిన్ కంపెనీ బళ్ళకి ఈ గొడవే లేదు. వాటికి రెండు పట్టాలూ ఒకే వైరు కింద లెక్క, రెండో వైరు స్లీపర్ల (పట్టాల కింది అడ్డదుంగల) మధ్యలో పొడిచిన చిన్న పిన్నుల వరసలో ఉంటుంది. ఇప్పటి డిజిటల్ సెట్లలోనైతే ఉంగరం సంగతి ఓ చిన్న పెట్టె తనంతట తానే చూసుకుంటుంది. పక్కన తమ్ముడి అవసరం లేదు.

మార్క్‌లిన్ వాళ్ళు మొదట బొమ్మరిళ్ళలోకి వంటసామాను చేసేవాళ్ళు. 1891లో లైప్‌జిగ్ సంతలో కొలతల ప్రకారం చేసిన పట్టాలతో రైళ్ళు పెట్టారు. ముందు ఓ చుట్టు కొనుక్కో, ఆ తర్వాత పాయింట్లు, వంతెన, స్టేషను ఒక్కోటీ కలుపుకుంటూ పో అన్నారు. ఈ వ్యసనం గుట్టంతా అందులోనే ఉంది. పూర్తయిన మోడల్ రైల్వేని నేనింతవరకూ చూడలేదు. హాంబర్గులో 2001లో కవల సోదరులు మొదలుపెట్టిన మినియేచర్ వండర్‌ల్యాండ్ ఉంది కదా, అక్కడ పదిహేను నిమిషాలకోసారి రాత్రవుతుంది, ఊళ్ళలో బుల్లి దీపాలు వెలుగుతాయి, విమానాలు కూడా దిగుతాయి. వాళ్ళూ ఇంకా కడుతూనే ఉన్నారు. మా తలుపు మీది కొండ కూడా అంతే. పాత న్యూస్‌పేపర్లు జిగురులో నానబెట్టి సొరంగం చేశాం. అది ఆరేలోపు పిల్లి వచ్చి పడుకుంది. ఆ పల్లం అలాగే ఉండిపోయింది, దాన్ని లోయ అన్నాం.

ఈ బుల్లి రైళ్ళ పిచ్చిలోంచి ఏమొస్తుందని అడిగేవాళ్ళకి నేను ఒకే ఉదాహరణ చెప్తాను. అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో 1946లో మోడల్ రైల్వే క్లబ్బు పెట్టారు. అక్కడ బల్ల పైన కొండలూ ఇళ్ళూ చేసేవాళ్ళు ఒక గుంపు, బల్ల కింద దూరి టెలిఫోన్ ఎక్స్ఛేంజి రిలేలతో (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) సిగ్నళ్ళ వైరింగు చేసేవాళ్ళు ఇంకో గుంపు. ఆ కింది గుంపే తర్వాత కంప్యూటర్ల మీద పడింది. ఇవాళ అందరూ వాడే 'హ్యాక్' అనే మాట, తెలివైన కిటుకు అనే అర్థంలో, పెరిగింది ఆ బల్ల కిందే. మా అన్నయ్య కూడా బల్ల కింది మనిషే. నేను పైన ఉండి పిల్లిని తోలేవాణ్ణి.

నంబర్ల పిచ్చి, అంటే నిజం రైలింజిన్ల నంబర్లు చూసి పుస్తకంలో రాసుకోవడం, ఎప్పుడు మొదలైందో సరిగ్గా గుర్తులేదు. బహుశా పిల్లి పడుకున్న వేసవిలోనే అయుంటుంది. పట్టాల మీద నడక వంతెన ఒకటి, దాని మీద నిలబడితే రెండు వైపులా సిగ్నళ్ళు కనిపించేవి. సిగ్నల్ రెక్క వాలిందంటే కడుపులో ఏదో కదిలేది. ఏ బండో తెలుసు, ఏ ఇంజిన్ వస్తుందో తెలీదు. ఆటంతా అదే.

చూసినవాళ్ళకి ఏముంది, ఇంజిన్ మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉన్న నంబరు చదవడమే కదా అనిపిస్తుంది. ఎదురుగా వచ్చేటప్పుడు హెడ్‌లైటు వెలుగులో నంబరు కనపడదు. పక్కన రాసింది చదువుదామంటే బండి వేగంలో ఉంటే దొరికేది ఒక్క సెకను. ఐదంకెల నంబరు. అందుకని అన్నయ్య పని పంచాడు. మొదటి రెండంకెలూ వాడు, చివరి మూడూ నేను. బండి వెళ్ళిపోయాక చప్పుడు తగ్గేదాకా ఇద్దరం పెదవులు కదుపుతూ అంకెలు మననం చేసుకుంటూ నిలబడేవాళ్ళం, మరిచిపోతామేమోనని. గూడ్సు అయితే మరీ కష్టం. యాభై వ్యాగన్లు పోయేదాకా "నాలుగు సున్నా మూడు, నాలుగు సున్నా మూడు" అనుకుంటూ ఉండాలి. ఆ తర్వాత అంకెలు కలిపి, ఇద్దరం ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకునేవాళ్ళం. కొత్తదైతే కింద ఎర్ర గీత.

రూల్స్ కూడా అన్నయ్యవే. కళ్ళతో చూడాలి. ఒకరు చెప్తే విన్నది చెల్లదు. ఫొటోలో చూసింది చెల్లదు. షెడ్డులో నిద్రపోతున్న ఇంజిన్ చెల్లుతుంది. పట్టాల మీదికి దిగితే ఆ రోజు లెక్కంతా రద్దు.

ఇవన్నీ మేమే కనిపెట్టామనుకున్నాం. కాదని పెద్దయ్యాక తెలిసింది. బ్రిటన్‌లో సదరన్ రైల్వే ప్రచార విభాగంలో పనిచేసే ఇయాన్ అలన్ అనే కుర్రాడికి ఇంజిన్ల వివరాలడుగుతూ వచ్చే ఉత్తరాలకి జవాబులు రాసి రాసి విసుగొచ్చింది. 1942లో నంబర్లన్నీ ఓ చిన్న పుస్తకంగా వేసేశాడు, పిల్లలు ఎగబడ్డారు. తర్వాత క్లబ్బు కూడా పెట్టాడు. అందులో చేరాలంటే రైల్వే ఆవరణలోకి చొరబడనని మాటివ్వాలి. అయినా షెడ్లలోకి దొంగతనంగా దూరేవాళ్ళు, దానికి 'బంకింగ్' అని పేరు. మొదటిసారి చూసిన ఇంజిన్‌ని 'కాప్' అనేవాళ్ళు. పుస్తకంలో ఆ నంబరు కింద గీత గీసేవాళ్ళు, అచ్చం మాలాగే. జపాన్‌వాళ్ళు ఇంకా ముదురు. ఫొటోలు తీసేవాళ్ళు తోరి-తెత్సు, ఎక్కి తిరిగేవాళ్ళు నోరి-తెత్సు, శబ్దాలు రికార్డు చేసుకునేవాళ్ళు ఒతో-తెత్సు. రైళ్ళ పిచ్చిలో కూడా శాఖలు!

బ్రిటన్‌లో ఆ తరం పిల్లల మీద నాకు జాలి. వాళ్ళు గీతలు గీస్తుండగానే పుస్తకం ఖాళీ అయిపోయింది. అక్కడి జాతీయ రైల్వే కట్టిన ఆఖరి ఆవిరి ఇంజిన్ 92220, పేరు ఈవెనింగ్ స్టార్, 1960లో బయటికొచ్చింది, 1965లో సర్వీసు నుంచి తీసేశారు. ఐదేళ్ళు! 1968 ఆగస్టు 11న ఆఖరి ఆవిరి స్పెషల్ నడిపితే లైను పొడుగునా జనం నిలబడి చూశారు. ఆ తర్వాత కూడా వంతెనల మీద నిలబడ్డవాళ్ళని లోకం వెక్కిరించింది. వాళ్ళు వేసుకునే వానకోటు పేరు 'అనొరాక్' అక్కడ ఓ తిట్టుమాటయింది. నన్నూ కాలేజీలో వెక్కిరించారు, వేరే మాటతో. ఆ మాట ఇక్కడ రాయను.

సరే, అబద్ధం.

మా పుస్తకాల్లో చివరి మూడంకెలు 401 నుంచి 410 దాకా ఉన్న ఇంజిన్ల వరస ఒకటి ఉంది. పదిలో తొమ్మిది ఇంజిన్లు దొరికాయి. 407 మాత్రం దూరపు షెడ్డుకి మార్చారని విన్నాం, మా వైపు రాదు. ఆ ఒక్క గడీ రెండేళ్ళు ఖాళీగా ఉంది. తొమ్మిది ఎర్ర గీతల మధ్య పన్నూడినట్టు ఉండేది. ఓసారి నాకు జ్వరమొచ్చి వారం రోజులు మంచం దిగలేదు. అన్నయ్య ఒక్కడే వంతెన మీదికి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని, చాలా మామూలుగా, "నాలుగు వందల ఏడు వచ్చిందిరా, గూడ్సుకి" అన్నాడు.

ఆ రాత్రంతా నేను ఏడ్చాను. జ్వరం వల్లేనని అమ్మ అనుకుంది. మూడో రోజు ఎవరూ లేనప్పుడు పుస్తకం తీసి 407 కింద గీత గీశాను. పెన్సిలుతో గీస్తే ఎప్పుడైనా చెరపొచ్చు కదా అని కూడా ఆలోచించి, పెన్నుతోనే గీశాను. అన్నయ్య అడిగితే కిటికీలోంచి కనపడిందని చెప్దామనుకున్నాను. మా కిటికీలోంచి పట్టాలు కనపడవు. వాడు అడగలేదు.

మొన్న ఆ పేజీ తెరిచి చూశాను. గీత కొంచెం వంకరగా ఉంది, మిగతా తొమ్మిదీ స్కేలు పెట్టి గీసినవి. ఈ రోజుల్లో అయితే వెతుక్కోవచ్చు కదా అని ఇంటర్నెట్‌లో చూశాను. నాలాంటివాళ్ళు ఓపిగ్గా రాసిపెట్టిన జాబితాలో ఒకే వరస ఉంది: ఎప్పుడు కట్టారు, ఏ ఏ షెడ్లు మారింది, ఎప్పుడు తుక్కు కింద కోసేశారు. ఇక దాన్ని ఎవరూ చూడలేరు, నా గీత నిజమయ్యే అవకాశం పోయింది. ఇప్పటి యాప్‌లలో బండి ఎక్కడుందో, ఎంత ఆలస్యమో, ఒక్కోసారి ఏ ఇంజిన్ తగిలించారో కూడా ముందే తెలిసిపోతుంది. వంతెన మీద కుర్రాళ్ళు ఇంకా ఉన్నారు, ఖరీదైన కెమెరాలతో, వీడియోలు చాలా బాగుంటాయి. వాళ్ళు 407 కోసం వస్తే 407 వచ్చే టైముకే వస్తారు. నేనైతే ఆ సదుపాయం ఉంటే రెండేళ్ళు అక్కడ నిలబడేవాణ్ణి కాదు. మిగతా రెండొందల చిల్లర ఇంజిన్లనీ చూసుండేవాణ్ణి కాదు.

రాత్రి అన్నయ్యకి ఫోన్ చేశాను. పెట్టె దొరికిందంటే పొంగిపోయాడు. బావి సంగతి, పిల్లి సంగతి మాట్లాడుకున్నాం. చివరికి ఒప్పేసుకున్నాను.

"అన్నయ్యా, 407 నేను చూడలేదు. నువ్వు చూశావని రాసేసుకున్నాను."

అటునుంచి కాసేపు చప్పుడు లేదు.

"ఒరేయ్, ఐదంకెలూ నేనొక్కణ్ణే ఎట్లా చదివానని నీకెప్పుడూ డౌటు రాలేదా?"

రాలేదు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

"నేనూ చూడలేదురా. ఆ రోజు నేను వెళ్ళేసరికి గూడ్సు పోయింది. కళ్ళజోడు వాడు చూశానన్నాడు, రాసేసుకున్నా."

"వాడు చూశాడంటావా?"

"ఏమో. వాడికి దూరపు చూపు ఆనేది కాదు కదా. సిగ్నల్ రెక్క పైకుందో కిందికుందో మనల్నే అడిగేవాడు."

ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. పెట్టేసే ముందు వాడి గొంతు మళ్ళీ పాత అన్నయ్య గొంతయింది. "ఆ ట్రాన్స్‌ఫార్మర్ వైరు పాతదయిపోయుంటుంది. నేను వచ్చేదాకా ప్లగ్గులో పెట్టకు" అన్నాడు.

సరేనన్నాను. అప్పటికే రెండుసార్లు పెట్టి చూశానని చెప్పలేదు.